బతికున్న ప్రొఫెసర్ గారికి నేను చేసిన దినం

మొన్న ఆదివారం నేనేం చేసినానో చెప్తాను, నవ్వకూడదు. సర్లే, నవ్వండి. ఊరంతా ఎట్టాగూ నవ్వింది. నిక్షేపంగా బతికున్న మనిషికి మా ఇంటి ముందర షామియానా వేసి మరీ దినం చేసినాను! అల్లాటప్పా మనిషికి కూడా కాదు. ఆర్థికశాస్త్రంలో ప్రపంచం మొత్తానికీ పెద్ద ప్రైజు ఏదుందో, ఈ ఏడు అది ఇచ్చింది ఆయనకే.

టీ తాగతా వినండి. చల్లారిపోతే మళ్ళీ కాచేది లేదు, ముందే చెప్తా ఉండా.

నా సంగతి తెలియనోళ్ళు ఉంటే రెండు ముక్కలు. పేరు రత్నం. ఇందుకూరుపేటలో జిరాక్స్ షాపు నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ‘అక్కా ఈ ఫారం నింపు, అక్కా ఇక్కడ ఏం రాయాల’ అని నా చుట్టూ జనమే జనం. షట్టర్ దించి మైపాడు రోడ్డులో ఉండే మా ఇంటికి వచ్చినానంటే పలకరించేది బల్లి ఒక్కటే. నాకు పెళ్ళయింది. మొగుడు నాలుగేళ్ళు కాపరం చేసి, ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోయినాడు. తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉన్నాడని ఒకరు, చెన్నైలో ఉన్నాడని ఇంకొకరు. నేను వెతకలేదు. అది వేరే ఊళ్ళో జరిగిన కథ. ఇప్పుడుండే ఊరికి ఒంటరిగానే వచ్చినా. అంటే మా వీధిలో ఒక్కరు కూడా నా మొగుడి మొహం చూసినోళ్ళు లేరు. ఇది గుర్తు పెట్టుకోండి, ముందర పనికొస్తాది.

సరే. శుక్రవారం షాపులో పేపరు తిరగేస్తా ఉంటే లోపలి పేజీలో ఫోటో. ఫారిన్‌లో ఏదో బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్ అంట, ప్రైజు అంట. మనిషి లావైనాడు, జుట్టు మొత్తం పోయింది. చేటంత చెవులు మాత్రం అవే! ఆ చెవులు నేనెట్ట మరిచిపోతాను? శ్రీకంఠ సారు!

పాతికేళ్ళ నాడు మైపాడు సముద్రం ఒడ్డున చేపలమ్ముకునే ఆడవాళ్ళ మీద సర్వే చెయ్యడానికి వచ్చినాడాయన. కన్నడాయన, తెలుగు సగం సగం. మన భాష తెలిసి, ఫారాలు చక్కగా రాసే మనిషి కావాలంటే నన్ను పెట్టుకున్నాడు. ఆరు నెలలు! తెల్లారేసరికి ఒడ్డుకి పోవాల. పడవలు రాంగానే చేపల్ని ఇసకలో కుప్ప పోసి వేలం పాట పెడతారు. బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు చుట్టూ మూగి ఒకరి మీద ఒకరు పాడతారు. ఎవరు ఎంతకి పాడినారు, ఎవరు మధ్యలో మానుకున్నారు, అంతా రాయాల. మొదటి రోజే సారు బురదలో జారి, బూట్లతో సహా బుట్టల మధ్యన కూలబడినాడు. ఆడవాళ్ళు నవ్విన నవ్వు పొలిమేర దాకా వినపడింది.

మూడు నెలలు రాసినాక నాకు ఒక సంగతి తట్టింది. ముందురోజు ఖాళీ బుట్టతో ఇంటికి పోయిన మనిషి ఎవరైనా ఉంటే, మర్నాడు ఆమె పాట పాడగానే మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. పక్క చూపులు చూస్తారు, కొంగు సర్దుకుంటారు, దగ్గుతారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. జాలిపడినట్టు కూడా కనపడరు. ఆమె నిజంగా గెలిచినాననుకునే బుట్ట నింపుకుని పోతాది. ఈ మాట సారుతో అన్నా. ఆయన టీ గ్లాసు ఇసకలో పెట్టేసి, ‘రత్నమ్మగారూ, మళ్ళీ చెప్పండి, నిదానంగా చెప్పండి’ అని నోటుబుక్కు తీసినాడు. నన్ను ‘అండి’ అన్న మొదటి మనిషి ఆయనే. మా ఆయన ‘మే’ అనేవాడు, అదీ అన్నం కావాలంటేనే.

సారు వెళ్ళినాక ఒక గ్రీటింగ్ కార్డు వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

ఇప్పుడు పేపర్లో ఆయనేమన్నాడో తెలుసా? ‘ఒక తీర గ్రామంలో మేము గమనించిన చిన్న విషయంతో నా పరిశోధన మొదలైంది’ అన్నాడు. నా పేరు లేదు. మా మైపాడు పేరు కూడా లేదు. కానీ ‘మేము’ అన్నాడు చూడండి! ఆ మేములో ఒకరు ఆయన, రెండోది నేను. మూడోవాళ్ళు లేరు, నాకు తెలుసు గదా.

ఎవరికైనా చెప్పాల. ఎదురుగా ఆధార్ కాపీ కోసం ఒకాయన నిలబడి ఉన్నాడు. ‘అన్నా, ఈ సారు నాకు తెలుసు. మేమిద్దరం కలిసి పనిచేసినాం’ అన్నా. ‘అవునాక్కా? రెండు కాపీలు చాలు’ అన్నాడు.

ఇంకో ముగ్గురికి చెప్పినా. ఒకామె ‘నీక్కూడా ఏమన్నా ఇస్తారా’ అంది. ఇంకొకడు నా మొహం వంక అదోరకంగా చూసినాడు, షాపులో ఎండకి మతి చలించిందేమో అన్నట్టు. ఒళ్ళు మండింది నాకు! పాతికేళ్ళుగా వీళ్ళ ఫారాలన్నీ నింపినా, నా గురించి ఒక్క గడి నింపడానికి ఎవరికీ తీరిక లేదు. అప్పుడే నిర్ణయించుకున్నా. ఆదివారం మా ఇంటి ముందర మీటింగ్ పెడతా. సారుకి సన్మానం చేస్తా. వీధి వీధంతా కూర్చుని నేను చెప్పేది వినాల. ఒక్క సాయంత్రం. నా బతుకులో అంతకన్నా ఎక్కువేం అడగలేదు.

ఇక చూడండి నా తెలివి!

పేపరు బొమ్మ కత్తిరించి ఫోటో స్టూడియో చెంగయ్య దగ్గరికి పోయినా. ‘పెద్దది చెయ్యి చెంగయ్యా, ఫ్రేము కట్టు, ఆదివారానికి కావాల’ అన్నా. సంతోషంలో నా కళ్ళలో నీళ్ళు తిరుగుతా ఉన్నాయి. నోరు మూయడమంటే తెలియని చెంగయ్య, ఆ పూట ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ‘నేను చూసుకుంటాలే అక్కా, నువ్వు ఇంటికి పో’ అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నా. ఆదివారం పొద్దున తెచ్చి ఇస్తే నల్ల ఫ్రేము, దాని పైన చిన్న ఎర్ర బల్బు. ‘బల్బెందుకు?’ అన్నా. ‘ఉండనీ అక్కా, నా తరపున’ అని తలకాయ దించుకుని వెళ్ళిపోయినాడు. ప్రైజు కదా, అలంకారానికి పెట్టినాడనుకున్నా!

టెంట్ హౌస్ రసూల్ అన్నకి ఫోన్ చేసినా. షామియానా ఒకటి, కుర్చీలు ఇరవై. ‘రంగుల షామియానా పెళ్ళికి పోయిందమ్మా, తెల్లది ఉండాది, సరేనా?’ అన్నాడు. ఏదైతే ఏంది, నీడ కావాలంతే అన్నా.

తర్వాత దండ. ఎమ్మార్వో బదిలీ అయిపోతా ఉంటేనే దండ వేస్తారు, ప్రపంచం మెచ్చినాయనకి వెయ్యకుండా ఎట్ట? గులాబీలు, చామంతులు కలిపి ఇంత లావు దండ కట్టించుకుని ఇంటికి తెచ్చినా. తెచ్చినాక గుర్తుకొచ్చింది, వెయ్యడానికి మెడ లేదు! మెడ ఫారిన్‌లో ఉంది. టేబుల్ మీద పెడితే వాడిపోతా ఉంది. ఎవరూ చూడడం లేదు కదా అని ఒకసారి నా మెడలోనే వేసుకుని అద్దంలో చూసుకున్నా. సిగ్గేసింది. తీసి ఫోటోకి వేసినా.

మీరడగబోయేది నాకు తెలుసు. బతికున్నోళ్ళ ఫోటోకి దండ వెయ్యకూడదని పసిపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు! ఆ పూట బుర్ర పనిచెయ్యలేదు, అంతే. దండ మెడలో ఉండాలన్నదే గుర్తుంది, మెడ ఫ్రేములో ఉందన్నది గుర్తు లేదు.

ఇంతటితో ఆగినానా? సారుకి నెల్లూరు మలై కాజా అంటే ప్రాణం. డబ్బా తెప్పించి, రెండు కాజాలు ఆకులో పెట్టి ఫోటో ముందర ఉంచినా. ఈగలు మూగినాయి. ఈగలకని నాలుగు అగరొత్తులు వెలిగించినా. తెల్ల షామియానా, వరస కుర్చీలు, దండేసిన ఫోటో, ఎర్ర బల్బు, ఆకులో ఆయనకి ఇష్టమైన తీపి, అగరొత్తుల పొగ. చెప్పండి, ఇంకేమన్నా తక్కువైందా?

పొద్దున్నే వీధి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టినా. ‘నేటి సాయంత్రం నాలుగు గంటలకు మా గృహమునకు అందరూ రావలసినదిగా కోరుచున్నాను.’ ఎందుకో రాయలేదు. వచ్చినాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని! ఫారాలు నింపీ నింపీ నా భాష కూడా అట్టనే తయారైంది లెండి.

నాలుగైంది. మంచి పట్టుచీర కట్టుకుని నిలబడినా. ఒక్కరు రాలేదు.

నాలుగుంపావు. వీధిలో స్కూటర్ మీద ఒకాయన పోతా, షామియానా చూసి స్పీడు తగ్గించి, దండం పెట్టుకుని పోయినాడు. సారుకి అనుకున్నా.

నాలుగున్నర. ఇరవై కుర్చీలు ఖాళీగా ఉంటే ఎట్టుంటాదో మీకు తెలియదు. మా ఇంట్లో సొంతానికి ఉండేది ఒక్క కుర్చీ, అది ఖాళీగా ఉంటే ఏమీ అనిపించదు. ఇరవై ఉంటే ఇరవై మంది రానట్టు లెక్క. వరసలు వంకరగా ఉన్నాయని సర్దినా. మళ్ళీ సర్దినా. మొదటి వరసలో కూర్చుని చూసినా, వెనక వరసలో కూర్చుని చూసినా. ‘ఏం సార్, మనిద్దరమేనా?’ అన్నా ఫోటోతో. నిజం చెప్తా ఉండా, మొగుడు పోయిన రోజు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

అప్పుడే మస్తానమ్మ కనిపించింది. ఆమె మైపాడులో చేపలమ్మే పెద్దామె, మా వీధికి ఖాళీ బుట్టతో తిరుగుదారిలో వస్తాది. గేటు దగ్గర నిలబడి ఫోటో వంక చూసింది. ఖాళీ కుర్చీల వంక చూసింది. పట్టుచీరలో ఉన్న నా వంక చూసింది. రమ్మందామని నేను నోరు తెరిచేలోగా గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఈమె కూడా పోయింది లే అనుకుని, కళ్ళు తుడుచుకుని లోపల టీ దించడానికి పోయినా.

పది నిమిషాలు కూడా కాలేదు. బయట ‘ఓ యమ్మా! రత్నక్కా! ఎంత పనైపోయింది తల్లీ!’ అని గోల. గరిటె చేత్తో పట్టుకుని పరిగెత్తినా. వీధి వీధంతా వచ్చేసింది! ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, మగవాళ్ళు చెప్పులు బయట విడిచి చేతులు కట్టుకున్నారు. పక్కింటి సుజాత నన్ను గట్టిగా పట్టుకుని బావురుమంది. ఈమె నాతో మాట్లాడి ఏడాదైంది, గోడమీద నీళ్ళు పడినాయని గొడవ!

‘ఎంత చెడ్డోడైనా మొగుడే గదక్కా’ అంది.

‘ఎవరు మొగుడు?’ అన్నా.

ఇంకామె నా చెయ్యి పట్టుకుంది. ‘మనిషి ఎట్టుంటాడో మాకు తెలియనే తెలియదు. చివరికి ఇట్ట చూడాల్సొచ్చింది. ఎప్పుడు పోయినాడు?’

అప్పుడు ఫోటో వంక తిరిగినా. మొదటిసారి వాళ్ళ కళ్ళతో చూసినా.

‘ఆయన పోలేదు!’ అని అరిచినా.

‘మొదట్లో అట్టనే అనిపిస్తాది లే అక్కా’ అని సుజాత నా వీపు నిమిరింది.

‘పోలేదంటే వినరే! ఆయన ఫారిన్‌లో ఉండాడు!’

‘ఓ యమ్మా, ఫారిన్‌లో పోయినాడంట! ఇంక కడసారి చూపు ఎట్ట దొరుకుతాది!’ అని వెనక వరస మొత్తం ఏడుపు అందుకుంది.

ఒకాయన, పాపం మంచి ఉద్దేశంతోనే, ‘డెత్ సర్టిఫికెట్ ఫారం నీ దగ్గరే ఉంటాది గదా రత్నం, ఈసారి నేను నింపిస్తాలే’ అన్నాడు. పాతికేళ్ళలో నాకు ఫారం నింపుతానన్నది ఆయనొక్కడే, అదీ ఇందుకు! ఒకామె ఆకులో కాజాలు చూసి ‘అయ్యో, ఇష్టమేమో’ అని ముక్కు చీదింది. ఇంతలో సుజాత వాళ్ళత్త నా నుదుటి వంక చూస్తా, చెయ్యి మెల్లిగా నా బొట్టు దాకా తెచ్చింది.

‘చెయ్యి తియ్ అత్తా!’

నా అరుపుకి షామియానా మీద కాకి లేచిపోయింది. అప్పుడు చెప్పినా. గరిటె ఊపుతా చెప్పినా. ఈయన నా మొగుడు కాడు, ప్రొఫెసరు, బతికే ఉన్నాడు, ప్రపంచంలో పెద్ద ప్రైజు వచ్చింది, నేను ఆయనతో ఆరు నెలలు పనిచేసినా, నేను చెప్పిన మాటతోనే ఆయన పరిశోధన మొదలైంది, అది మీకు చెప్పాలనే పిలిచినా! ఒక్క గుక్కలో అంతా చెప్పేసి ఆయాసపడతా నిలబడినా.

ఏడ్చిన మొహాలతో ఒకరినొకరు చూసుకున్నారు. వెనక వరసలో ఇద్దరు లేచినారు. అయిపోయింది, పోతారు, రేపటికి ఊరంతా నన్ను పిచ్చిదనుకుంటాది అనుకున్నా.

‘సర్లే మే, వచ్చినాం గదా’ అని వినపడింది. మస్తానమ్మ. మొదటి వరసలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ‘టీ పెట్టినావా లేదా? ఏడ్చి ఏడ్చి గొంతెండిపోయింది వీళ్ళకి.’

లేచినోళ్ళు కూర్చున్నారు. టీ ఇచ్చినా, కాజాలు పంచినా. ‘ఈయనే గదా బురదలో పడిన సారు?’ అని మస్తానమ్మ మొదలుపెట్టింది. పడిన తీరు చేసి చూపిస్తే మగవాళ్ళు కూడా పొట్ట పట్టుకున్నారు. ‘మరి నువ్వేం చెప్పినావు ఆయనకి?’ అని అడిగింది. అప్పుడు చెప్పినా. పాట సంగతి, ఖాళీ బుట్ట సంగతి, అంతా. ఇరవై మంది కూర్చుని విన్నారండీ! చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు. సుజాత అయితే ‘ఇంత చదువుకున్నోళ్ళ పని చేసినావని ఎప్పుడూ చెప్పలేదే అక్కా’ అంది. గోడ సంగతి నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

పోయేముందు సుజాత అందరినీ ఫోటో తీసింది. సారు పనిచేసే కాలేజీ మెయిల్ అడ్రసు నెట్‌లో వెతికి, ‘మైపాడు నుంచి మేమందరం. మిమ్మల్ని ఎప్పటికీ మరిచిపోము. ఇట్లు, రత్నం’ అని ఇంగ్లీషులో రాసి, ఆ ఫోటోతో సహా పంపేసినా. పంపినాక సరిగ్గా చూసినా. దండ తియ్యలేదు! ఎర్ర బల్బు వెలుగుతానే ఉంది. మనోళ్ళు ఫోటో అంటే నవ్వరు గదా, ఇరవై మందీ బిగదీసుకుని కూర్చున్నారు, ఏడ్చిన కళ్ళతో.

సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి జవాబు వచ్చి ఉంది. సారు రాసింది కాదు, వాళ్ళ ఆఫీసువాళ్ళు. ‘మీ సానుభూతికి కృతజ్ఞతలు. ప్రొఫెసర్ గారు ఆరోగ్యంగా ఉన్నారు. వారు మరణించినట్టు మీకు ఎవరు తెలిపారో దయచేసి తెలియజేయగలరు.’

తల పట్టుకుని కూర్చున్నా. అప్పుడే బుట్ట నెత్తిన పెట్టుకుని మస్తానమ్మ వచ్చింది. జవాబు చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది.

‘మస్తానమ్మా, ఒక మాట అడుగుతా. నువ్వు సారుని ఎప్పుడు గుర్తుపట్టినావు?’

‘గేటు దగ్గరే. ఆ చెవులు ఎవరు మరిచిపోతారు మే?’

‘మరి ఆయన నా మొగుడని వీధిలో చెప్పిందెవరు?’

బుట్ట దించి, కొంగు సర్దుకుంది. పక్కకి చూసింది. ఒకసారి దగ్గింది.

‘నేనే. ప్రొఫెసరుకి ప్రైజొచ్చింది రండ్రా అంటే ఒక్కడన్నా వచ్చుండునా? ఇరవై కుర్చీలు వేసుకుని ఒంటిగా నిలబడి ఉంటివి. నాకు చూడబుద్ధి కాలేదు.’

‘రొయ్యలు ఉండాయి, కావాలా వద్దా?’ అంది. కావాలన్నా.

పక్కకి చూడడం, కొంగు సర్దడం, దగ్గడం. పాతికేళ్ళ నాడు వీటిని కనిపెట్టి ఆయనకి చెప్పిన మహాతల్లిని నేను. అదే పని మస్తానమ్మ మొదటి వరసలో కూర్చుని నాకే చేస్తే, సాయంత్రమంతా టీలు పోస్తా తిరిగినా గానీ కనుక్కోలేకపోయినా. ఇంక నాకు ప్రైజు ఎవరిస్తారు, చెప్పండి!